తుపాను మన ఇంటికి చెరువు దారిన వస్తుంది



తుపాను అనగానే మన మనసు సముద్రం వైపు పోతుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన, 1996 నవంబరు 6న కోనసీమ కొబ్బరితోటలను నేలకూల్చిన గాలి, 2014 అక్టోబరు 12న విశాఖను అతలాకుతలం చేసిన హుద్‌హుద్ గుర్తుకు వస్తాయి. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి బతుకుతెరువు కోసం వచ్చి శంషాబాద్, రాజేంద్రనగర్, కొత్తూరు ప్రాంతాలలో స్థిరపడిన కుటుంబాలు మన విచారణలలో ఎన్నో ఉన్నాయి. వారిలోని పెద్దలకు తుపాను అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే ఇక్కడ ఇల్లు కట్టుకున్న తరువాత వారు కూడా తరచుగా ఒక మాట అంటారు: "ఇక్కడిదాకా ఏ తుపానూ రాదు లెండి."

ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. బందరు తీరం మనకు సుమారు మూడు వందల కిలోమీటర్ల దూరం. మన విమానాశ్రయం సముద్రమట్టానికి 600 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. ఉప్పెన ఇక్కడికి రాదు. కొబ్బరిచెట్లను వేళ్ళతో పెకలించే గాలి కూడా, నేల మీద ఇంత దూరం ప్రయాణించేసరికి చాలావరకు చల్లబడుతుంది. చల్లబడనిది మేఘం. అది సముద్రం మీద తాగిన నీటినంతా మోసుకొచ్చి మన మీద కుమ్మరిస్తుంది. అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలు బంగాళాఖాతానికి తుపాను కాలం. అప్పటికి నైరుతి వానలతో మన చెరువులు నిండుకుండల్లా ఉంటాయి. ఈ రెండూ కలిసిన రాత్రి ఏమి జరుగుతుందో మనం ఒకసారి చూశాం.

2020 అక్టోబరు 13 ఉదయం ఆరున్నర, ఏడున్నర గంటల మధ్య ఒక వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటింది. దానికి పేరు కూడా లేదు. ఇది గమనించవలసిన సంగతి. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితేనే వాతావరణ శాఖ దానిని తుపానుగా లెక్కించి పేరు పెడుతుంది. అంతకు తక్కువైతే వాయుగుండం, లేదా తీవ్ర వాయుగుండం. పేరులేని ఆ తీవ్ర వాయుగుండం తీరంలో చెప్పుకోదగిన గాలిబీభత్సం చేయకుండా లోపలికి వచ్చి, అదే సాయంత్రానికి తెలంగాణ మీద నిలిచింది. మరునాటి ఉదయానికి హైదరాబాదులో 19 సెంటీమీటర్ల వాన నమోదైంది. ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లు దాటింది. నగరంలో అక్టోబరు నెలలో ఒక్క రోజున అంత వాన నూరేళ్ళకు పైగా ఎవరూ చూడలేదు.

ఆ రాత్రి గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు కట్ట తెగింది. ఆరాంఘర్ నుంచి శంషాబాద్ వచ్చే పాత జాతీయ రహదారి ఏరైపోయింది. కార్లు, లారీలు కొట్టుకుపోయాయి. రోడ్డు కోసుకుపోయింది. కట్ట కింద ఇళ్ళలో నిద్రపోతున్న వారిలో, రోడ్డు మీద బండి నడుపుతున్న వారిలో ప్రాణాలు కోల్పోయిన వారున్నారు. అదే రాత్రి పల్లె చెరువు తెగి పాతబస్తీ వైపు కాలనీలను ముంచింది. నాలుగు రోజుల తరువాత, 17వ తేదీ రాత్రి మళ్ళీ వాన పడితే బాలాపూర్ గుర్రం చెరువు తెగి హఫీజ్‌బాబానగర్ మునిగింది. ఆ రెండో వాన మొదటిదంత పెద్దది కాదు. అయినా చెరువులు అప్పటికే నిండి, కట్టలు నాని ఉన్నాయి. "పెద్ద వాన పోయింది, ఇక భయం లేదు" అనుకుని సామాన్లు మళ్ళీ కిందికి దించుకున్నవారు ఆ రాత్రి రెండోసారి నష్టపోయారు.

ఇది కొత్తగా వచ్చిన ఆపద కూడా కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదులో వేలమందిని పొట్టనబెట్టుకున్న సంగతి పిల్లలు బడిలో చదువుకుంటారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నూట యాభైమందిని కాపాడిన కథ కూడా వినే ఉంటారు. కాని ఆ వానలో అతి పెద్ద లెక్క ఎక్కడ నమోదైందో చాలామందికి తెలియదు. మన శంషాబాద్‌లోనే! ఆ వరదను పరిశీలించిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి లెక్క ప్రకారం ఇక్కడ 24 గంటలలో 12.8 అంగుళాలు, 48 గంటలలో 18.9 అంగుళాలు కురిసింది. అంటే రెండు రోజులలో 48 సెంటీమీటర్లు. ఆయన మరొక సంగతి కూడా గుర్తించారు. మూసీ పరీవాహకంలో ఉన్న 788 చెరువులలో 221 తెగిపోయాయి. పై చెరువు తెగితే దాని నీరు కింది చెరువు మీద పడుతుంది, అది తెగితే దాని కిందిది. వాన ఒక్కటే అయితే నగరం అంత దెబ్బ తినేది కాదేమో. ఒకదాని వెంట ఒకటి తెగిన చెరువులు ఆ వానను గోడలా నిలబెట్టి తెచ్చాయి. ఆ తరువాతనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. మన పక్కనున్న హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయింది.

కనుక ప్రియ పాఠకులారా, తీరప్రాంతపు గృహస్తుడు తుపానుకు సిద్ధపడేటప్పుడు ఇంటికప్పు చూసుకుంటాడు, కిటికీలు చూసుకుంటాడు. మనం మొదట చూసుకోవలసింది ఇల్లు కాదు, ఇంటికి ఎగువన ఉన్న చెరువును.

మన ప్రాంతపు చెరువులు గొలుసుకట్టు చెరువులు. కాకతీయుల కాలం నుంచి ఈ రాతినేల మీద వాననీటిని ఇట్లాగే ఆపుకున్నారు. ఒక చెరువు నిండితే మిగులు నీరు మత్తడి మీదుగా దూకి, కాలువ వెంబడి కింది చెరువుకు పోతుంది. ఆంధ్ర ప్రాంతంలో దీనినే అలుగు అంటాం. మత్తడి అంటే చెరువుకు ఉన్న తలుపు అనుకోండి. ఆ తలుపు ముందు ఎవరైనా ఇల్లు కట్టినా, కాలువను మట్టితో పూడ్చి ప్లాట్లు వేసినా నీటికి దారి ఉండదు. అప్పుడది కట్టను తోస్తుంది. ఒక్కసారి కట్ట తెగితే మత్తడి మీదుగా రెండు రోజులలో పోవలసిన నీరు అరగంటలో వస్తుంది. 2024 ఆగస్టు చివరలో హైడ్రా అధికారులు ఆ అప్ప చెరువులో వెలసిన కట్టడాలనే కూల్చివేశారు. ఎవరి తప్పు ఎంత అన్నది ఈ పాఠానికి సంబంధించిన విషయం కాదు. కాని ప్లాటు కొనబోయే యువ దంపతులు మాత్రం రిజిస్ట్రేషను కాగితాలతో పాటు, ఆ స్థలం చెరువు నిండు నీటిమట్టం లోపల ఉందో, బయట ఉందో హెచ్.ఎం.డి.ఏ. పటాలలో చూసుకోవాలి. బ్యాంకు అప్పు ఇచ్చింది కదా, ఇక అంతా సవ్యమే అనుకోవద్దు.

2020 వరద తగ్గిన తరువాత మా కాలనీ చివర నిలబడి చూస్తూ ఉంటే, ఆ ఊరిలోనే పుట్టి పెరిగిన ఒక పెద్దాయన వచ్చి పక్కన నిలబడ్డాడు. "తాతా, ఈ రోడ్డు మీదికి ఇన్ని నీళ్ళు ఎట్లా వచ్చాయి?" అని అడిగాను. ఆయన నవ్వి, "సారూ, గిది మీకు రోడ్డు. మాకు మత్తడి కాల్వ. మా నాయిన గీడనే చేపలు పట్టేటోడు" అన్నాడు. నేను ఆ వీధిలో పన్నెండేళ్ళుగా ఉంటున్నాను. ఒక్కసారీ ఎవరినీ అడగలేదు.

అందుచేత మొదటి పని అడగడం. మీ కాలనీకి ఎగువన ఏ చెరువు, ఏ కుంట ఉంది? దాని మత్తడి ఎటు దూకుతుంది? ఆ నీరు మీ ఇంటికి ఏ వైపు నుంచి వస్తుంది? స్థానికులైన పెద్దవారిని, చాకలివారిని, గొర్రెలు కాసేవారిని, చేపలు పట్టేవారిని అడిగితే పటం గీసినట్టు చెబుతారు. ఒక ఆదివారం సాయంత్రం పిల్లలను వెంటబెట్టుకుని కట్ట మీదికి నడిచి చూసి రండి. ఒక్క వీధి తేడాతోనే నీటివాలు మారిపోతుంది. పక్కింటివారికి రాని నీరు మీకు రావచ్చు. హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారన్న వార్త వచ్చినప్పుడు కూడా ఇదే గుర్తుంచుకోవాలి. ఆ నీరు దిగువకు, అంటే అత్తాపూర్, లంగర్‌హౌజ్, చాదర్‌ఘాట్ వైపు పోతుంది. 2025 సెప్టెంబరు 26 రాత్రి జంట జలాశయాల నీరు మూసీలోకి వదిలినప్పుడు ఎం.జి.బి.ఎస్. బస్ స్టేషన్ లోపలికి నీరు వచ్చింది. అక్కడ ఉండే మన బంధువులకు ఆ వార్త ప్రాణావసరం. శంషాబాద్‌లో ఉన్న మనకు ప్రాణావసరమైన వార్త మన పై కుంట నిండిందా లేదా అన్నదే. అది టెలివిజన్‌లో రాదు.

వాన లెక్కలు కూడా కొంచెం తెలిసి ఉండాలి. వాతావరణ శాఖ పసుపు, నారింజ, ఎరుపు రంగులలో హెచ్చరికలు ఇస్తుంది. రోజుకు 6.5 సెంటీమీటర్లు దాటితే భారీ వాన, 11.6 దాటితే అతి భారీ, 20.5 సెంటీమీటర్లు ఆపైన కురిస్తే అత్యంత భారీ. ఈ అంకెలు మన కళ్ళకు కట్టవు. ఇట్లా ఆలోచించండి: నూరు గజాల ఇంటి డాబా మీద 20 సెంటీమీటర్ల వాన పడితే సుమారు 16,700 లీటర్ల నీరు అవుతుంది. వేసవిలో మనం కొనే 5,000 లీటర్ల ట్యాంకరు మూడు దాటి నాలుగోది అన్నమాట. ఒక్క డాబా నుంచే అంత నీరు! మీ వీధిలో ఎన్ని డాబాలున్నాయో, వీధంతా సిమెంటు రోడ్డు అయితే ఆ నీరు ఎక్కడికి పోవాలో మీరే లెక్క వేయండి. పేరున్న తుపాను వస్తేనే జాగ్రత్త పడతాం అనుకోవద్దని పైన చెప్పింది ఇందుకే. "కాకినాడ దగ్గర తీరం దాటింది" అన్న వార్త వినగానే మనం ఊపిరి పీల్చుకుంటాం. మనకు అసలు పని అప్పుడే మొదలవుతుంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. మరునాడు నీట మునిగినది వరంగల్, హనుమకొండ.

ఇక ఇంటి సంగతి. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. మా ఇంట్లో పిల్లల చదువు సర్టిఫికెట్లు, ఇంటి కాగితాలు, మా పెళ్ళి ధృవపత్రం అన్నీ ఇనుప బీరువాలో అడుగు సొరుగులో తాళం వేసి పెట్టాను. దొంగల భయానికి అది మంచి చోటు. ఆ రాత్రి నీరు వీధి గుమ్మం నుంచి రాలేదు. స్నానాలగది తూము లోంచి ఎదురు తన్ని వచ్చింది. మేము గుమ్మం దగ్గర ఇసుక బస్తా పెట్టి, గడప ముందు చీపుర్లు పట్టుకుని కాపలా కాస్తున్నాం. వెనుక గదిలో బీరువా అప్పటికే మోకాలి లోతు నీటిలో ఉంది. మరునాడు ఆ కాగితాలను దండెం మీద బట్టల్లా ఆరేసుకున్నాం. జ్ఞానస్నాన ధృవపత్రాలు, వివాహ ధృవపత్రం మళ్ళీ సంపాదించడం కష్టం కాలేదు. విచారణ రిజిస్టరులో ఉన్నాయి గనుక గురువులు రాసి ఇచ్చారు. మిగతా వాటి కోసం తిరిగిన కార్యాలయాల లెక్క చెప్పుకోవడం అనవసరం.

కాగితాలన్నీ ఒక దళసరి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, నోరు మడిచి టేపు వేసి, అటక మీద ఉంచండి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, భూమి పాసుపుస్తకం, బీమా కాగితాలు, పాస్‌పోర్టులు అందులో ఉండాలి. కొడుకో అల్లుడో గల్ఫ్‌లో ఉన్న ఇళ్ళలో వారి వీసా నకళ్ళు కూడా ఉంచాలి. ప్రతి కాగితానికీ ఫోటో తీసి దూరాన ఉన్న ఒక బంధువు ఫోనుకు పంపి ఉంచితే మరీ మంచిది. సంచి ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి. ఇంటి యజమానికి ఒక్కడికే తెలిసిన రహస్యం అలాంటి రాత్రి ఎందుకూ కొరగాదు.

కింది అంతస్తులో ఉండేవారు స్నానాలగది తూములకు, మరుగుదొడ్డికి పాత గుడ్డ చుట్టిన ఇసుక మూట అడ్డం పెట్టాలి. డ్రైనేజీ నిండినప్పుడు మురుగు అక్కడి నుంచే లోపలికి వస్తుంది. సంపు మూత నేలకు సమానంగా ఉంటే చుట్టూ తొమ్మిది అంగుళాల ఇటుక గట్టు కట్టించండి. తాపీమేస్త్రీకి అది ఒక పూట పని. హెచ్చరిక రాగానే పై ట్యాంకు మంచినీటితో నింపుకుని, సంపు మూత బిగించాలి. బియ్యం, పప్పులు, పిల్లల పుస్తకాలు అటక మీదికి ఎక్కించాలి.

కరెంటు విషయంలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. మెయిన్ స్విచ్ ఆపుతారు, ఇన్వర్టరును మరచిపోతారు. మెయిన్ ఆపిన తరువాత కూడా ఇన్వర్టరు ఇంటి తీగలకు కరెంటు పంపుతూనే ఉంటుంది. రెండూ ఆపాలి. బోరు మోటారు స్టార్టరు పెట్టె కూడా ఆపాలి. ఇదంతా నీరు ఇంట్లోకి రాకముందు, పొడి చేతులతో, పొడి నేల మీద నిలబడి చేయవలసిన పని. నీరు అప్పటికే బోర్డు దాకా వచ్చి ఉంటే దాని జోలికి పోవద్దు. 1912కు ఫోను చేసి వీధి కరెంటు ఆపమని చెప్పండి. నీటిలో నిలిచిన స్తంభాన్ని, స్టే తీగను, ఇనుప గేటును పిల్లలు ముట్టుకోకుండా చూడండి.

గ్యాస్ సిలిండరు బరువైనది, కదలదు అనుకుంటాం. నిండు సిలిండరు కూడా నీటిలో తేలుతుంది. తేలి గొట్టాన్ని లాగేస్తుంది. రెగ్యులేటరు తీసి, మూత పెట్టి, సిలిండరును కిటికీ చువ్వకు తాడుతో కట్టేయాలి. మన కథోలిక గృహాలలో కొవ్వొత్తులకు కొదువ ఉండదు. కరెంటు పోగానే చేయి మరియమాత స్వరూపం ముందున్న కొవ్వొత్తి మీదికే పోతుంది. నీరు చేరిన ఇంట్లో గ్యాస్ వాసన లేదని నిశ్చయం చేసుకునే వరకు అగ్గిపుల్ల గీయవద్దు. వాసన వస్తే తలుపులు తీసి బయటికి వచ్చి 1906కు చెప్పాలి. చార్జి ఉన్న టార్చిలైటు ఒకటి తలగడ పక్కన ఉంటే ఈ బెడదే ఉండదు.

ఇంతవరకు చెప్పినది ఆస్తి సంగతి. ప్రాణం సంగతి దీనికన్నా చిన్నది, చెప్పడానికి ఒక్క మాట. చేయడమే కష్టం. ఎప్పుడు ఇల్లు వదలాలి?

మన ఇళ్ళలో ఈ నిర్ణయం ఎవరూ చేయరు. ఆయన వచ్చాక చూద్దాం అంటుంది ఇల్లాలు. అమ్మ కదలనంటోంది అంటాడు కొడుకు. "నేను ఈ ఇంట్లోనే పోతాను గాని, మీరు పోండిరా" అంటుంది నాయనమ్మ. దొంగలు పడతారని ఒకరు, బర్రెను ఎవరు చూస్తారని ఒకరు. ఇట్లా మాట్లాడుకుంటూ ఉండగానే తొమ్మిది గంటలు, పది గంటలు అవుతుంది. చీకటిలో, మోకాలి లోతు నీటిలో, మ్యాన్‌హోల్ మూత ఎక్కడ లేచిందో తెలియని వీధిలో పసిపిల్లలతో నడవడం ఇంట్లో ఉండటం కన్నా అపాయం. అందుకని ఆ నిర్ణయం ఎండ కాస్తున్న రోజున చేసి ఉంచుకోవాలి. మేము ఇప్పుడు చేసుకున్న ఏర్పాటు ఇది: గేటు స్తంభం మీద ఎర్ర రంగుతో ఒక గీత గీశాం. వీధి నీరు ఆ గీతను తాకితే ముసలివారు, పిల్లలు మేడ మీది కుటుంబం దగ్గరికి వెళ్ళిపోతారు. అందులో చర్చ లేదు. ఎరుపు హెచ్చరిక ఉండి, పై చెరువు మత్తడి దూకుతోందని తెలిస్తే గీత కోసం కూడా ఆగం. పొద్దు గూకక ముందే అమ్మను మిట్ట మీదున్న మా చెల్లెలి ఇంటికి పంపుతాం. మొదటిసారి అమ్మ ఒప్పుకోలేదు. "వాన రాకపోతే నవ్వులపాలవుతాం" అంది. వాన రాలేదు. నవ్వారు కూడా. రెండోసారి తన సంచి తనే సర్దుకుంది.

ఆ సంచిలో ఆమె రక్తపోటు, చక్కెర వ్యాధి మందులు వారానికి సరిపడా ఉంటాయి. మందుల చీటీ ఉంటుంది. కళ్ళద్దాలు, ఒక జత బట్టలు, జపమాల. ఇన్సులిన్ వాడేవారు దానిని మూతగల డబ్బాలో చల్లగా తీసుకుపోయే వీలు ముందే చూసుకోవాలి. పాలడబ్బా తాగే బిడ్డ ఉంటే పాలపొడి, కాచిన నీళ్ళు.

విమానాశ్రయంలో పని చేసేవారి ఇళ్ళకు మరొక చిక్కు ఉంది. సామాను ఎక్కించేవారు, శుభ్రపరిచేవారు, కాపలా ఉద్యోగులు, క్యాబ్ డ్రైవర్లు మన విచారణలలో ఎందరో. వారి పని రాత్రిళ్ళే ఎక్కువ. వాన రాత్రి ఇంటి మగవాడు డ్యూటీలో, భార్యాబిడ్డలు చెరువు కింద. ఆ భర్త మనసు ఊరుకోదు. బండి తీసి బయలుదేరతాడు. 2020 రాత్రి ఆ రహదారి మీద ఉన్నవారు ఇంటికి చేరాలని తొందరపడినవారే గదా. కదిలే నీరు చీలమండ దాటితే మనిషిని పడదోయగలదు. అడుగు లోతుంటే చిన్న కారును తేల్చుతుంది. రెండడుగులైతే పెద్ద బండ్లను కూడా ఈడ్చుకుపోతుంది. రాత్రిపూట ఆ లోతు కనిపించదు, కింద రోడ్డు ఉందో లేదో అంతకన్నా కనిపించదు. కనుక దంపతులు ముందే మాట అనుకోవాలి: "నీరు వస్తే నేను పిల్లలతో పైకి వెళ్ళిపోతాను, నీవు పని చోటనే ఆగు. తెల్లవారాక ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా రా." ఫోను పని చేయని పక్షంలో ఇద్దరూ సమాచారం చెప్పవలసిన బంధువు ఒకరు వేరే ఊరిలో ఉండాలి. ఆ మాట ముందే ఉంటే అతడు అక్కడ నిలబడగలడు. బండిని కాపాడుకోవడానికి సెల్లారులోకి దిగడం కూడా ఇలాంటి పనే. సెల్లారు నిండడానికి నిమిషాలు చాలు. నెలనెలా కట్టే వాయిదా ఎంత పెద్దదైనా, దాని కోసం ఆ మెట్లు దిగవద్దు.

వరద తీసిన తరువాత పనిని తొందరగా ముగిస్తాను. ముందు ఫోటోలు, తరువాతే కడగడం. 2020లో ప్రభుత్వం వరదబాధిత కుటుంబానికి 10,000 రూపాయలు, ఇల్లు పూర్తిగా కూలితే లక్ష ప్రకటించింది. బీమా ఉన్నవారికి కూడా నీటి మరక గోడ మీద ఎంత ఎత్తున ఉందో చూపించే ఫోటో అక్కరకు వస్తుంది. సంపు నీరంతా తోడి, గోడలు రుద్ది, బ్లీచింగ్ పొడితో కడగనిదే కొత్త నీరు పట్టవద్దు. తేటనీటికి వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పొడి కలిపి గంటసేపు ఉంచాలి. తాగేందుకు మాత్రం కాచిన నీరే. కాళ్ళకు పుండ్లు, పగుళ్ళు ఉన్నవారు బురదలో దిగితే ఎలుక జ్వరం వచ్చే అపాయం ఉంది. బూట్లు లేకపోతే కనీసం ప్లాస్టిక్ సంచులు కట్టుకోండి. వారం, రెండు వారాలలో జ్వరం, ఒళ్ళు నొప్పులు వస్తే వైద్యునికి "వరదనీటిలో దిగాను" అని చెప్పండి. తడిసిన మోటారును, ఫ్రిజ్‌ను ఎలక్ట్రీషియన్ చూడకముందు ఆన్ చేయవద్దు. ఎండిందిలే అనుకుని స్విచ్ వేసి షాక్ తిన్నవారున్నారు.

చివరగా పొరుగువారి మాట. అక్టోబరు జపమాల మాసం. మన చిన్న క్రైస్తవ సమాజాలవారు ప్రతి సాయంత్రం ఒక ఇంట్లో కూడుకుంటారు. ప్రార్థన అయిన తరువాత టీ తాగే ఆ పావుగంటలో ఒక కాగితం మీద రాయండి: మన వీధిలో ఒంటరిగా ఉన్న వృద్ధులెవరు? మంచం దిగలేనివారెవరు? నెలలు నిండిన గర్భిణి ఎవరు? రేకుల ఇంట్లో, కాలువ పక్కన అద్దెకున్న బీహారు, ఒడిశా కూలీ కుటుంబాలెన్ని? వారికి మన భాషలోని హెచ్చరిక అర్థం కాదు, మత్తడి అంటే ఏమిటో చెప్పేవారు ఉండరు. వారు మన మతంవారా కాదా అన్న ప్రశ్న ఆ కాగితం మీద ఉండకూడదు. ఒక్కొక్కరి పేరు పక్కన వారి తలుపు తట్టవలసిన మనిషి పేరు రాయండి. తలుపు తట్టేవాడు నీటికి ఎగువన, మిట్ట మీద ఉండేవాడై ఉండాలి. కింద ఉన్నవాడికి తన ఇల్లే సరిపోతుంది. విచారణ పాఠశాల పై అంతస్తు తాళంచెవులు రాత్రిపూట ఎవరి దగ్గర ఉంటాయో కూడా అడిగి రాసుకోండి. మా దగ్గర ఆ తాళంచెవి ఉన్న కావలివాని ఇల్లు చెరువు కింద ఉందని మేము ఈ ప్రశ్న వేసుకున్న తరువాతే తెలిసింది. ఇప్పుడు రెండో తాళంచెవి గురువుల నివాసంలో మేకుకు వేలాడుతోంది.

కుటుంబంలో మాట్లాడుకొనుటకు:

మన ఇంటికి ఎగువనున్న చెరువు పేరేమిటి, దాని మత్తడి నీరు మన వీధిలోకి ఏ వైపు నుంచి వస్తుంది? గేటు మీద గీత ఎంత ఎత్తున గీద్దాం, అది తాకినప్పుడు నాన్న ఇంట్లో లేకపోతే "పదండి" అనే మాట ఎవరు అంటారు? కాగితాల సంచి ఎక్కడుందో మన ఇంట్లో అందరికన్నా చిన్నవాడిని అడిగి చూడండి.